ఎత్తిన తొట్టి కింద

ఎర్మెక్, ముందు టైర్లు తన్ను.
చేత్తో తట్టి చూడటం కాదు, బూటుతో తన్ని విను.
గాలి నిండింది ఠంగుమంటుంది,
తగ్గింది గొణుగుతుంది.
గొణిగేదాని మీద పదిహేను టన్నుల ఇసుక పెట్టకు.

నారిన్ ఏటి ఒడ్డున ఇంకా తెల్లారలేదు.
ఇంజను కింద రేకు పళ్లెంలో బొగ్గులు రాజేశాను,
నూనె కరగాలిగా.
తొట్టి అడుగున పాత డీజిల్ పూశాను, పెనానికి రాసినట్టు.
ఐనా అంటుకుంటుంది.
అంటుకోదని ఎవడన్నా చెబితే
వాడు చలికాలంలో బండి తోలలేదని అర్థం.

తవ్వే యంత్రం మీద ఉన్నది జిపార్‌గుల్.
మూడు బకెట్లు పోస్తుంది, నాలుగోదానికి నీ మొహం చూస్తుంది.
వద్దని చెయ్యి ఊపు.
యజమాని పొయ్యమంటాడు. ట్రిప్పు లెక్కన డబ్బిచ్చేవాడు
బరువుని ఎప్పుడూ ఎక్కేటప్పుడే చూస్తాడు.
బరువు మాట్లాడేది దిగేటప్పుడు.

కనుమ మీద ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు.
బ్రేకు మీద కాలు ఆన్చి కూర్చోకు.
మాడిన రొట్టె వాసన వస్తే
వంటింట్లోంచి కాదు, చక్రంలోంచి.
గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టకు,
అవి హారన్ వైపే పరిగెడతాయి. ఎందుకో నాకూ తెలీదు.

దింపే చోట ముందు నువ్వు దిగు.
నేల తొక్కి చూడు. ఆపైన తలెత్తు.
మంచు పడుతుంటే కరెంటు తీగె కనబడదు,
స్తంభాలు కనబడతాయి.
రెండు స్తంభాలున్నాయంటే
మధ్యలో తీగె ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు మీట లాగు, నెమ్మదిగా.
తడి ఇసుక దారిలోనే గడ్డకట్టి ఉంటుంది.
కుడి పక్కది జారుతుంది, ఎడమ పక్కది పట్టుకుంటుంది.
బండి తూగుతుంది,
తాగొచ్చినవాడు గుమ్మంలో నిలబడి
ఎటు పడదామా అని ఆలోచించినట్టు.
వాడు ఆలోచించేంత సేపే నీది.
మీట దించెయ్.
ఇసుక పోతే పోనీ, ట్రిప్పు పోతే పోనీ.
గునపం పట్టుకుని పైకి మాత్రం ఎక్కకు.

నీ మోకాలికి తగులుతోందే, ఆ దుంగ,
జరపకు. అది అక్కడే ఉండాలి.

నాకు స్టీరింగ్ ఇచ్చింది ఖుబాత్ బైకె.
ఇరవై రెండేళ్లు తోలాడు, ఒక్క గొర్రెని గుద్దలేదు.
ఆ రోజు ఎత్తిన తొట్టి కిందికి దూరాడు,
నూనె గొట్టం కారుతోందని.
దన్ను పెట్టమంటావా అన్నాను.
ఒక్క నిమిషం పనిరా అన్నాడు.
నేను టీ పోస్తున్నాను.
గొట్టం పగిలిన చప్పుడు పెద్దదేం కాదు, తుమ్మినట్టుంది.
రెండో గిన్నె సగమే నిండింది.

నలభయ్యోనాటి భోజనాలయ్యాక
అతని భార్య తుర్సునాయ్ ఈ దుంగ మోసుకొచ్చింది.
వాళ్ల గుర్రాల కంచె గుంజ.
రెండు కొసలూ తనే రంపంతో కోసింది,
వంకరగానే కోసింది.
బండిలో పెట్టుకో అంది.
ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు.

నీకు చెప్పకూడదు, ఐనా చెబుతున్నాను.
పోయిన వేసవిలో ఒకసారి నేనూ దీన్ని పెట్టలేదు.
ఎండ, ఆకలి, వెనక మూడు బండ్లు,
ఒకటే వదులైన నట్టు.
బిగించి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటుంటే
సీటులో నిలువుగా కూర్చుని
అద్దంలోంచి నన్నే చూస్తోంది.
సాయంత్రం దాకా దాని వైపు తిరగలేకపోయాను.

సరే, జిపార్‌గుల్ లైటు రెండుసార్లు కొట్టింది.
మన వంతే.
బొగ్గుల పళ్లెం లాగెయ్, మర్చిపోయేవు.
తలుపు గట్టిగా వెయ్యి, గడియ సరిగ్గా పడదు.
దుంగని కాస్త నీ వైపు ఒరిగించుకో,
మలుపుల్లో దొర్లుతుంది.